సరిపడా వెలుతురు

ప్రూఫులు దిద్దే పెద్దాయన బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్లకాగితాలు పరిచాడు. ఒక్కొక్కటే తీసి చూడటం ఆయనకు చేతకాదు, అన్నీ కళ్ళెదుట ఉండాలి. మందుల డబ్బాల్లో పెట్టే చీటీల్లో తప్పులు వెతకడం ఆయన పని. ఇరవయ్యారేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికాడు. జీతం పెరగలేదు గానీ, ఒక్క తప్పూ దాటిపోనివ్వడని పేరు మాత్రం పెరిగింది.

మూణ్ణెల్ల కిందట ఆయన బల్లకు సరిగ్గా పైన సెన్సరు బిగించారు. కిటికీలోంచి ఎండ వస్తే ఆ వరస దీపాలను అదే తగ్గిస్తుంది, మబ్బు పడితే పెంచుతుంది. కరెంటు ఆదా అని ఆఫీసంతా మురిసిపోయింది. పెద్దాయనకు మాత్రం అప్పట్నుంచీ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. అయినా నోరు మెదపలేదు. చీకటిగా ఉందంటే కళ్ళు పోయాయంటారు, కళ్ళు పోయినవాడికి ఈ ఉద్యోగం ఎవరుంచుతారు?

"ఇంట్లో సూదిలో దారం మీరేగా ఎక్కిస్తున్నారు," అంది భార్య, ఒక రాత్రి ఈ దిగులు చెప్పుకుంటే. తన మనసు కుదుటపరచడానికి అంటోందనుకున్నాడు.

ఆ రోజు పదకొండింటికి సూపర్‌వైజరమ్మ ఒక చీటీ తెచ్చి ముందు పెట్టింది. పాయింటు ఐదు ఉండాల్సిన మోతాదు, చుక్క ఎగిరిపోయి ఐదై కూర్చుంది. అచ్చుకు వెళ్ళేముందు ఎవరో పట్టుకున్నారట. ఈ నెలలో ఇది మూడో తప్పు.

"చిన్నపిల్లల మందండీ ఇది," అంది.

"వెలుతురు చాలట్లేదమ్మా." మాట నోరు జారింది.

ఆవిడ సెన్సరు బిగించిన ఎలక్ట్రీషియన్నే పిలిపించింది. అతను వెలుతురు కొలిచే మీటరు పెట్టడానికి చోటు కోసం కాగితాలన్నీ పోగుచేసి కుర్చీలో పడేశాడు. నల్లటి బల్ల బయటపడింది. కాసేపాగి అంకె చూశాడు.

"సరిపడా ఉందండీ. ఇంకా ఎక్కువే."

పెద్దాయన తలెత్తలేదు. మీటరు అబద్ధమాడుతుందా? "అయితే నా కళ్ళేనమ్మా," అన్నాడు. ఎవరూ అడక్కముందే ఉద్యోగం మానుకుంటున్నానని రాసిచ్చి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. అన్నేళ్ళ మనిషిని ఆగమన్నవాళ్ళు లేరు.

ఎలక్ట్రీషియన్ మీటరు సర్దుకుని కాగితాలు మళ్ళీ బల్ల మీద పరిచాడు. దీపాలు మెల్లగా మసకబారాయి.

"అవి పరిస్తే అంతే," అంది ఆ పక్కనే ఊడుస్తున్న పనావిడ. "నేను తీసి తుడిచేటప్పుడు వెలుతురొస్తది, ఆయన పరవగానే పోద్ది. రోజూ చూస్తున్నా."

"మరి చెప్పొచ్చుగా?"

"నన్నెవరడిగారు?"

అతను పైకి చూశాడు. కింద తెల్లగా కనబడేసరికి సెన్సరు దాన్నే ఎండనుకుంటోంది. బల్లకు సరిగ్గా పైన బిగించింది తనే. మెట్ల వైపు ఒకడుగు వేసి ఆగిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలిస్తే తన తప్పు బయటపడుతుంది. నిచ్చెనెక్కి సెన్సరును పక్కకు తిప్పి, దిగి, గమ్మునుండిపోయాడు.

దీపాలు నిండుగా వెలిగాయి. కాగితాల మధ్య పెద్దాయన ఎర్రకలం, మూత తీసింది తీసినట్టే ఉంది.