నది లేని ఆట

రోజూ ఆఫీసు తలుపు తీసేది అక్కే. లైట్లు వేసి, కంప్యూటర్లు ఆన్ చేసి, టీ కప్పుతో కూర్చునేసరికి, తనూ తమ్ముడూ కలిసి చేసిన మొదటి వీడియో ఆటలో పడవ నడిపే అవ్వ స్క్రీన్‌లోంచి దిగి కిటికీ పక్క కుర్చీలో కూలబడేది. ఆమె తడి కాళ్ళకి నేల పాడవుతోందని ఊడ్చే ఆవిడ సణుక్కోవడం తప్ప ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ అవ్వనీ, ఆమె నదినీ గీసింది అక్క. వాటిని కదిలించే ప్రోగ్రాం రాసింది తమ్ముడు. అమ్మ వంటింట్లో ఇద్దరూ పోట్లాడుకుంటూ మొదలుపెట్టిన పని అది. ఆట జనానికి తెగ నచ్చేసింది. వంటిల్లు చాలక అద్దె గది, గది చాలక అంతస్తంతా. అద్దాల గదులొచ్చాయి, మెడల్లోకి కార్డులొచ్చాయి, తమ్ముడు తెచ్చిన మేనేజరూ వచ్చాడు.

రెండో ఆట తయారైన రోజు అందరినీ కూర్చోబెట్టి చూపించారు. ముందు పేర్లు పడ్డాయి. ‘సృష్టికర్త’ అని తమ్ముడి పేరొక్కటే. అక్క పేరు ఎక్కడో చివర, ఆఫీసుకి కుర్చీలు పంపినవాళ్ళ కింద.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "ఇదేంట్రా?"

"కంపెనీకి ఒకే ముఖం ఉండాలటక్కా. నీ పేరైతేనేం, నా పేరైతేనేం?"

"అయితే నాదే వెయ్యి!"

మేనేజర్ కలగజేసుకున్నాడు. "మేడమ్, ఆవేశపడకండి. అన్నట్టు, వచ్చే ఆటలో ఆ ముసలామెని కూడా తీసేస్తున్నాం."

అవ్వ అక్కడే కూర్చుని వింటోంది.

అక్క మెడలో కార్డు తెంపి బల్ల మీద విసిరికొట్టింది. "ఆ మొహంలో ముడత ముడతా నేను గీశాను. తీసెయ్యడానికి నువ్వెవడివి?" తమ్ముడి వైపు తిరిగింది. "వీడంటే పరాయివాడు. నీకు నోరు పెగల్లేదేంట్రా?"

తమ్ముడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అది చూశాక ఇక ఆగలేదామె. చరచరా మెట్లు దిగింది. వెనకాలే అవ్వ తెడ్డు భుజాన వేసుకుని దిగింది. అవ్వ వెనకాల, స్క్రీన్లన్నిటిలోంచీ జారి, మెట్ల మీదుగా నది దిగింది. వాచ్‌మన్ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

మర్నాడు తమ్ముడి ఫోను. "అక్కా, ఆటలో అంతా ఇసకే ఉంది. నది ఎంత వెతికినా దొరకట్లేదు."

"సృష్టికర్తవి కదా, ఇంకోటి సృష్టించుకో!" అని ఫోన్ పెట్టేసింది.

ఆమె కొత్తగా అద్దెకి తీసుకున్న గదిలో మోకాలి లోతు నీళ్ళు. అవ్వ విసుక్కుంది. "తిట్టుకోవడం తర్వాత. ముందు నాకో ఒడ్డు గియ్యవే."

అక్క తిట్టుకుంటూనే పెన్సిల్ తీసింది. ముందు గోడ మూలన తన పేరు రాసి, ఆ తర్వాతే ఒడ్డు మొదలుపెట్టింది.