మస్తానయ్య నడుము నొప్పి

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. పెన్సిలంత లావు, జానెడు పొడవు. ఒక కొసను ఏటవాలుగా కోసి నున్నగా అరగదీశారు. కార్ఖానాలో ఒకాయన నా అంచు మీద వేలు తిప్పి చూసుకున్నాడు. తనకు గుచ్చుకోలేదు కాబట్టి ఎవరికీ గుచ్చుకోదని తేల్చి, నన్ను స్పాంజి పెట్టెలో పడుకోబెట్టాడు.

అక్కడి నుంచి ఒంగోలులో డాక్టర్ ప్రభంజన్ ఆసుపత్రికి వచ్చాను. డిస్క్ జారి కాలి నరాన్ని నొక్కుతున్నవాళ్ళకు ఆయన నడుము పక్కన చిన్న గాటు పెట్టి నన్ను లోపలికి దింపేవాడు. నా లోపలి నుంచి కెమెరా, సన్న పట్టకారు వెళ్ళి జారిన ముక్కను బయటికి లాగేవి. రోగికి పూర్తి మత్తు ఇవ్వరు. నేను పొరపాటున నరాన్ని ఒత్తితే కాలు జివ్వుమంటుంది. ఆ సంగతి చెప్పగలిగేది రోగి ఒక్కడే.

మస్తానయ్య చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో రాయి కోసేవాడు. కుడి కాలి పోటుకు కూర్చోలేక, గోడకు ఆనుకుని నిలబడి అన్నం తినేవాడట. భార్య అంకమ్మ అతన్ని ఆటోలో వెనక సీటు మీద బోర్లా పడుకోబెట్టి తీసుకొచ్చింది.

"కాలు జివ్వుమంటే చెప్పు. నడుములో కొంచెం ఒత్తిడి ఉంటుంది, అది ఓర్చుకో," అన్నాడు డాక్టర్.

"ఓర్చుకుంటా సారూ. రాళ్ళతో బతికినోణ్ణి," అన్నాడు మస్తానయ్య.

చర్మం దాటాను, కండ దాటాను. అక్కడిదాకా మత్తు సూది బాగా పనిచేసింది. డిస్క్ వెనక, వెన్నెముక పొడవునా అతుక్కుని ఒక గట్టి పట్టీ ఉంటుంది. లిగమెంట్ అంటారు. జారిన ముక్క దాని కింద ఇరుక్కుంది. దాన్ని లాగడానికి డాక్టర్ నన్ను పక్కకు వంచాడు. నా అంచు ఆ పట్టీని ఎత్తింది.

మస్తానయ్య అరిచిన అరుపుకు బల్ల అదిరింది. "అయ్యా! నడుం తెగిపోతంది! తియ్యండయ్యా!"

"కాల్లోనా?"

"కాలు కాదు, నడుమే! రంపంతో కోసినట్టుంది!"

"నడుముకు మత్తిచ్చాం మస్తానయ్యా. అది నొప్పి కాదు, భయం. కదలకు."

అతని చేయి పట్టుకున్న నర్సు సలోమి మెల్లగా అంది. "సార్, ఇది భయంలా లేదు. చెమటలు పట్టేశాయి. ఒక్క నిమిషం ఆగుదామా?"

డాక్టర్ ఆగలేదు. ఆ పట్టీకీ నొప్పి తెలుస్తుందని, దాంట్లోనూ సన్నటి నరాలు అల్లుకుని ఉంటాయని ఆయన చదవకపోలేదు. కానీ ఆ పూట ఆయనకు ముక్క దొరికేలా ఉంది. మస్తానయ్య మళ్ళీ అరిచాడు. మత్తు డాక్టర్‌కు సైగ వెళ్ళింది. సెలైన్‌లోకి మందు ఎక్కింది. గది ప్రశాంతమైంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ప్రశాంతతలోనే నేను కాలి నరం మీదికి ఒరిగాను. ఒరిగి, చాలాసేపు అలాగే ఉన్నాను. చెప్పాల్సినవాడు నిద్రపోతున్నాడు.

మెలకువ వచ్చాక మస్తానయ్య సంతోషంగా లేచాడు. కాలి పోటు పోయింది. అంకమ్మ చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. రెండడుగులు వేశాడో లేదో కుడి చెప్పు జారిపోయింది. మళ్ళీ తొడుక్కున్నాడు. మళ్ళీ జారింది.

"పాదం పైకి లేవట్లేదు సారూ."

"వాపు. తగ్గుతుంది," అన్నాడు డాక్టర్.

తగ్గలేదు. ఈడ్చే కాలితో ఉన్నవాణ్ణి క్వారీవాళ్ళు లోపల అడుగుపెట్టనివ్వలేదు. అంకమ్మ రాతి ముక్కలు మోసే పనికి కుదిరింది. డాక్టర్ మాత్రం ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాడు. నేను ఆ పట్టీ దగ్గరికి చేరగానే దానికీ మత్తు సూది వేసి, కాసేపు ఆగి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవాడు. ఎందుకు మార్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేను అంచు సొట్టపోయి స్టోరు గదిలో, విరిగిన వీల్‌చైర్ పక్కన అట్టపెట్టెలో పడి ఉన్నాను. ఇక్కడికి రాకముందు నా ఆఖరి ఆపరేషన్ అంకమ్మకే జరిగింది. కొన్నేళ్ళు రాళ్ళు మోసీ మోసీ ఆమెకూ డిస్క్ జారింది.

బల్ల ఎక్కే ముందు ఆమె అంది. "నేను ఆపమంటే ఆపాల. మాటివ్వండి."

"ఆపుతాను."

పట్టీ దగ్గర ఆమె "ఆగండి" అంది. డాక్టర్ చేతులు తీసేశాడు. మందు వేసి, ఆమె సరేననేదాకా నిలబడ్డాడు. ఇంకోసారి ఆపింది. ఇంకోసారి నిలబడ్డాడు. ముక్క వచ్చింది. రెండు పాదాలూ పైకి లేచాయి.

నన్ను బయటికి తీస్తుండగా ఆమె బోర్లా పడుకునే అడిగింది. "మాయనకీ ఇట్టా ఆగుంటే?"

డాక్టర్ గ్లవ్స్ తీసేశాడు. "ఆగి ఉండాల్సింది, అంకమ్మా. అతను నిజమే చెప్పాడు. నేను నమ్మలేదు."

"నాకెందుకు చెప్తారు? ఆయనకు చెప్పండి. తనే ఓర్చుకోలేక, కదిలి, కాలు చెడగొట్టుకున్నానని ఇన్నేళ్ళూ కుమిలిపోతన్నాడు."

సలోమి నన్ను తలుపు పక్కన కుళాయి కింద పట్టుకుంది. డాక్టర్ తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. బెంచీ మీద కూర్చున్న మస్తానయ్య గోడ పట్టుకుని లేవబోయాడు. డాక్టర్ అతన్ని లేవనివ్వకుండా పక్కన కూర్చున్నాడు. ఒక రోగిని ఆయన 'మీరు' అనడం నేను మొదటిసారి విన్నాను.

"ఆ రోజు మీరు కదలలేదు మస్తానయ్యా. తప్పు మీది కాదు, నాది. మీకు నొప్పి పుడుతుంటే భయమని నిద్రపుచ్చాను."

మస్తానయ్య కోప్పడతాడేమోనని సలోమి కుళాయి కట్టేసి చెవి ఒగ్గింది. అతను కోప్పడలేదు. తన కుడి పాదం వైపు చూశాడు.

"అయితే, అది నిజంగా నొప్పేనా సారూ?" అని అడిగాడు.