నీటివైపు వంటగది

గోడలు లేవలేదు, తలుపులు లేవు. అయినా ఎడ్నా ఇల్లు ఊడుస్తున్నది. దక్షిణాఫ్రికాలో డర్బన్ దాపున ఉప్పుటేటి ఒడ్డున ఇసుకమీద సున్నంతో గీసిన ఇల్లది. తెల్లదొరల చట్టం ఆ ఒడ్డునున్న బెస్తల వాడనుండి తెలుగు కుటుంబాలను ఏటికి దూరంగా ఉన్న చాట్స్‌వర్త్‌కు తరలించిన తరువాత, వరుస ఇళ్లు పాడుబడ్డాయి. కొత్త ప్రభుత్వం వచ్చాక వాటిని పడగొట్టి, తరలిపోయినవారికే తిరిగి కట్టిస్తున్నారు. పునాది తవ్వకముందు ఎవరింటి గీతల్లో వారు ఒకపూట మసలి చూడాలన్నది అక్కడి నియమం.

"మార్పులుంటే ఇవాళే చెప్పండి అంకుల్, రేపు తవ్వుతాం," అన్నాడు మేస్త్రీ పెర్సీ.

"మార్పేంటి? ఫస్ట్ క్లాస్," అన్నాడు ఎడ్నా భర్త ఆల్ఫ్రెడ్. ముందుగదైన లాంజ్ గీతల నడుమ, నీటికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వంటగది వెనుక, రోడ్డువైపున ఉన్నది.

ఎడ్నా వెళ్లి అక్కడ నిలబడింది. పాత ఇంట్లోనూ ఇంతే. వల లాగే మగవారి కేకలు ఆమె వీపుకే వినబడేవి. చేపలు మాత్రం ఒడిలోకి వచ్చేవి. తల తిప్పితే, "నీళ్లు చూస్తా కూకుంటే కూరెవరు వండేదే?" అనేది అత్త. చాట్స్‌వర్త్‌లో ఆల్ఫ్రెడ్ మనవలకు ఈ ఏటిమీది సూర్యాస్తమయాన్ని ఎంత సొగసుగా వర్ణించేవాడో! "నిజమేనా అవ్వా?" అని వారడిగితే ఆమె తల ఊపేది. తాను కాపురం చేసిన చోటి సాయంకాలాన్ని తానూ వారితోపాటు ఆయన నోటనే వింటున్నానని ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఒడ్డుకు చేర్చమని ఇన్నేళ్లు మోకరించి వేడుకున్నది, ప్రభువు ఆలకించాడు. ఆ ప్రభువు ఇంత దూరం తెచ్చింది మళ్లీ రోడ్డు చూడడానికా?

పక్కింటి గీతల్లోంచి మ్యూరియెల్ నవ్వింది. "ఏమే వదినా, గోడ లేకుండానే గోడకేసి నిలబడ్డావు?"

ఎడ్నా చుట్టూ చూసింది. ఆ వరుసలో ఆడవారందరూ తమ వంటగది గీతల్లో, ఏటికి వీపు పెట్టే నిలబడి ఉన్నారు.

"పెర్సీ, వంటగది ముందుకు రావాలి నాయనా. లాంజ్ ఎనక్కి."

పెర్సీ ఆల్ఫ్రెడ్‌వైపు చూశాడు. "అంకుల్ ఏమంటారు?"

"అంకుల్ వండడు," అన్నది ఎడ్నా.

"వచ్చినోళ్లు ముందు అంట్లు చూస్తారా?" అన్నాడు ఆల్ఫ్రెడ్.

"చూడనీండి. తినేది వాటిలోనే గదా."

ఆల్ఫ్రెడ్ గొణిగాడు గాని, కాదనలేదు. పెర్సీ పాత గీతలు చెరిపి సున్నం పోశాడు. "పెర్సీ, అట్నే మా ఇంటికీ రా అయ్యా," అని మ్యూరియెల్ పిలిచింది.

ఎడ్నా కొత్త గీతల్లో, నీటికి ఎదురుగా నిలబడింది. ఏటిలోకి సముద్రపు పోటు వస్తున్నది. చేతిలో పని లేదు. ప్రాణానికి హాయిగా ఉన్నది.

"టీ ఉందా?" అన్నాడు ఆల్ఫ్రెడ్ వెనుకనుండి.

"ఫ్లాస్కు మీ కుర్చీ పక్కనే ఉంది," అన్నది ఎడ్నా, తల తిప్పకుండా.