లండన్ పోని బెండకాయలు

మా బావ రమాకాంత్‌ది మడికొండలో ఉద్యోగం. ఒక విదేశీ కంపెనీ విమానాల్లో ఏది ఏ ఊరికి వెళ్లాలో నిర్ణయించడం ఆయన పని. ఆదివారం అక్కతో పరకాల దగ్గరి మా ఊరికి వచ్చినా లాప్‌టాప్ వదలడు. ఆ రోజు కుడిచేత్తో కోడికాలు చీకుతూ, ఎడమచేత్తో మీటలు నొక్కుతున్నాడు.

"మంగళవారం హైదరాబాద్ నుంచి లండన్‌కు సగం సీట్లు ఖాళీ. పెద్ద ఫ్లైట్ దండుగ. దాన్ని ఇంకో ఊరికి మలిపి, దీనికి చిన్నది పెడుతున్న" అన్నాడు.

"మరి సామాను?" అంది సుకన్యక్క.

"ప్యాసింజర్ల బ్యాగులు పడుతయ్. వేరే సరుకు ఆగిపోతది. అది నా ఫికర్ కాదు."

అన్నం వడ్డిస్తున్న నా చేయి ఆగింది. మొదటిసారి లండన్ పంపుతున్న మా బెండకాయలు ఆ మంగళవారం విమానంలోనే వెళ్లాలి. సరుకు పంపే ఏజెంటు ఇచ్చిన చీటీ నాన్నకు చదివి చెప్పింది నేనే. నాన్న వైపు చూశాను. ఆయన నోరు మూసుకొమ్మని కళ్లతోనే చెప్పాడు.

నాన్న చేయి కడగడానికి లేచినప్పుడు వెనకాలే వెళ్లాను.

"బావకు ఒక్క మాట చెప్పు నాయినా."

"అల్లుణ్ణి అడుక్కుంటమా? ఊకో! ఇజ్జత్ పోతది."

నేనైనా చెప్పొచ్చు. కానీ బావతో మాట్లాడాలంటే నాకు భయం. ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయాను.

సోమవారం తెల్లారే కోసి, నలభై డబ్బాలు పంపాం. శుక్రవారం అవే తిరిగొచ్చాయి. ఎయిర్‌పోర్టు దగ్గర రేకుల షెడ్డులో మూడు రోజులు మగ్గాయట. మూత తీస్తే నల్లటి జిగురు వేళ్లకు అంటుకుంది. సబ్బుతో ఎంత కడిగినా వాసన పోలేదు. నాన్న డబ్బాలను ఒక్కొక్కటే పెంటకుప్ప మీద గుమ్మరిస్తూ, బావకు మాత్రం చెప్పొద్దన్నాడు. ఆయన ఇజ్జత్ మీద కూడా నాకు రోత పుట్టింది.

మళ్లీ ఆదివారం. బావ కంచం ముందు కూర్చున్నాడు.

"ఏంది మామా, మీ తోట బెండకాయ వేపుడు లేదా?"

"ఈసారి కాత లేదు బిడ్డా" అన్నాడు నాన్న, నవ్వుతూ.

ఆ నవ్వు చూడలేకపోయాను. దొడ్లో మిగిలిన డబ్బా తెచ్చి బావ కంచం పక్కనే పెట్టి మూత తీశాను. ఆయన ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"ఛీ! ఏందే ఇది?"

"నువ్వు చిన్న విమానం పెట్టినవ్ కద బావా. అండ్ల పట్టలే."