ఖాళీ పిడికిలి

నేను ఒక అల్యూమినియం గుండిగను. నలభై ఇళ్లవాళ్లకు గంజి కాయగలను. అద్దె సామాన్ల కొట్టులో ఉన్నన్నాళ్లూ పెళ్లిళ్లు చూశాను. మనుషులు సగం తిని సగం పారేసి, ఉప్పు తక్కువైందని మూతి విరిచేవారు. వాళ్ల మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు.

తర్వాత జూట్ మిల్లు కార్మికులు నన్ను కొన్నారు. అప్పటికే యజమానులు మిల్లుకు తాళం వేసి లాకౌటు ప్రకటించారు. గేటు ముందు టెంటు, పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నేను. రోజూ పొద్దున్నే ఇంటికొకరు వచ్చి పిడికెడు బియ్యం వెయ్యాలి. పిడికిలి మూసి నా లోపలిదాకా పెట్టాలి, అక్కడే తెరవాలి, ఎవరూ తొంగిచూడకూడదు. ఈ పద్ధతి పెట్టింది అసిరమ్మ. ముప్ఫై ఏళ్లు ఆ మిల్లులో నార వడికిన మనిషి, గంజి వండేదీ ఆవిడే.

రెండో వారంలో పైడితల్లి చెయ్యి పెట్టింది. మొగుడు పోయి, చంటిపిల్లతో ఉంటున్న మనిషి. పిడికిలి తెరిస్తే ఒక్క గింజ లేదు. చెయ్యి బయటికి తీసి, బియ్యం అంటుకున్నట్టే కొంగుకు తుడుచుకుంది. మధ్యాహ్నం అందరితో పాటు తలెత్తుకుని గంజి తాగింది. నా నోరు పెద్దదే కానీ గుట్టు బయటపెట్టను.

రెండో నెలకు గంజి పలచబడింది. యూనియన్ కార్యదర్శి గురువులుకు అనుమానం వచ్చి, రేపటి నుంచి అరచెయ్యి చూపించి వెయ్యాలన్నాడు. పైడితల్లి పిల్లను చంకనేసుకుని లేచింది.

అసిరమ్మ గరిటె కింద పెట్టింది. "సెయ్యి తెరిపిస్తే రేపు సగం మంది రారు గురువులూ. ఆకలైతే అందరం కలిసి ఓర్సుకుంటన్నాం. సిగ్గు ఎవుల్ది ఆళ్లే మొయ్యాల."

గురువులు తన మాట వెనక్కి తీసుకున్నాడు. పైడితల్లి మళ్లీ కూర్చుంది. అసిరమ్మ పిడికిలి అప్పటికి మూడు వారాలుగా ఖాళీ అని నాకొక్కదానికే తెలుసు.

అయిదో నెలలో ఒకరోజు నలభై చేతులూ వచ్చాయి. ఒక్క గింజ రాలలేదు. అసిరమ్మ లోపలికి చూసి, నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూత పెట్టి మంట రాజేసింది. మధ్యాహ్నం అందరూ పళ్లేలతో వరుసలో నిలబడ్డారు. వేడి ఉప్పునీళ్లు పోస్తుంటే గురువులు కూడా తలవంచుకుని తాగాడు.

"గంజి పల్చగున్నాదత్తా" అంది పైడితల్లి.

"రేపు సిక్కగా కాసుకుందాం" అంది అసిరమ్మ.

మర్నాడు మిల్లు అమ్మేశారని గేటుకు కాగితం అంటించారు. నెల తిరక్కుండా మిల్లు లైన్లలోని కార్మికుల ఇళ్లన్నీ ఖాళీ చేయించారు. ఎవరు ఏ ఊరు పోయారో తెలియదు. నేను పాత సామాన్ల కొట్టులో కరిగే వంతు కోసం చూస్తున్నాను. నా గురించి నాకు దిగులు లేదు. పైడితల్లి గురించే దిగులు. ఏ ఊళ్లో ఉందో గానీ, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఆ ఖాళీ పిడికిలి పెట్టుకోవడానికి ఆమెకు చోటు లేదు.