తడి వార్నిష్

టెలిగ్రాం వచ్చేసరికి నేను వంటింట్లో పాన్‌కేక్ తిరగేస్తున్నాను. పెళ్ళై రెండు వారాలు కాలేదు. మాడకుండా, విరక్కుండా, గుండ్రంగా రావడం అదే మొదటిసారి. ఆ సంబరంలో ఉండగానే మా ఆయన లీలాండ్ పరుగెత్తుకొచ్చి నన్ను గరిటెతో సహా ఎత్తేశాడు.

"షికాగో కార్ల వ్యాపారి శనివారం అక్కడికి రమ్మన్నాడు! కారు తన కళ్ళముందు నడిస్తే ఈ ఏడాది మనం చేసేవన్నీ అతనే కొంటాడట!"

మా రప్పెల్ మోటారు కంపెనీకి ఇంకా ఏడాది నిండలేదు. ఇంతవరకూ అమ్మినవి నాలుగే కార్లు, అందులో ఒకటి పాస్టరుగారికి, సగం ధరకి. ఈ బేరం పోతే మోటార్ల షెడ్డు మూసేసి మళ్ళీ గుర్రబ్బగ్గీలే చేయిస్తానని మామగారు తెగేసి చెప్పారు. లీలాండ్ ఇంజను పాత ఇనుములోకి పోతుంది.

మామగారు అక్కడే కాఫీ తాగుతున్నారు. నా పాన్‌కేక్ వైపు చూడనైనా లేదు.

"కారు వెళ్ళదు. వార్నిష్ ఇంకా ఏడు పూతలు పడాలి. ప్రతి పూతా ఆరాలి. మూడు వారాలు."

"నాన్నా, అతను కొనేది ఇంజను. మెరుపు కాదు."

"రప్పెల్ బగ్గీలో ముఖం చూసుకుని గడ్డం గీసుకునేవారు జనం. నీ డబ్బా కోసం నా పేరు గుడ్డల్లేకుండా వీధిన పడాలా?"

"ఆ బగ్గీలు ఇప్పుడెవరు కొంటున్నారు?"

"నీ డబ్బా ఎవరు కొంటున్నారు? పాస్టరు! అదీ జాలిపడి."

కప్పు ఠపీమని పెట్టి వెళ్ళిపోయారు. మేం షెడ్డుకి చేరేసరికి, రంగుల గదిలో దుమ్ము లేవకుండా నేల తడిపి, కారంతా కొత్త పూత వేసేసి, బ్రష్షు తుడుచుకుంటున్నారు.

"తడి. ఇప్పుడు బయటికి తీస్తే దారిలో దుమ్మంతా దీనిమీదే. తీయి, చూద్దాం."

లీలాండ్ చెవులు ఎర్రబడ్డాయి. కోపమొస్తే ముందు అవే ఎర్రబడతాయి, ఎంత ముద్దొస్తాయో!

నేను చేతి తొడుగులు తీసి, కారు తలుపు మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, తేనెలా జిగటగా భలే ఉంది. రెండోదీ ఆనించాను.

"ఓసి నీ చేతులు పడిపోనూ! అంతా గోకి మొదట్నుంచీ వేయాలి! రెండు నెలలు!"

"రెండు నెలలు షికాగో ఆయన ఎలాగూ ఆగడు కదా, మామగారూ. ఇక దుమ్ము పడితే పడనివ్వండి."

"కాలేజీలో నేర్పింది ఇదేనా?"

"కాదండీ, అక్కడ లాటిన్ నేర్పారు. ఇది మీ ఇంట్లోనే నేర్చుకున్నా."

ఆయన మొహం జేవురించింది. స్క్రూడ్రైవరు అందుకుని, కారు ముందున్న ఇత్తడి పేరుపలక ఊడదీసి జేబులో వేసుకున్నారు.

"ఇక రప్పెల్ మోటారు కంపెనీ లేదు. మీ ఇద్దరికీ నా ఇంట్లో చోటూ లేదు."

లీలాండ్ నా జిగట చేయి పట్టుకున్నాడు.

"రేపు తెల్లారగానే బయల్దేరదాం. దారిలో ఎక్కడ పడుకున్నా శనివారానికి అందుకుంటాం. స్టీరింగ్ నువ్వు పట్టుకో, ఇంజను సంగతి నేను చూస్తా. కారు పేరేంటని అడిగితే, కొత్త పేరు అక్కడే పెట్టుకుందాం."