మోతీ మోకాలు

“మిగిలింది నువ్వు కానిచ్చెయ్ కన్యకా, పారేస్తే లక్ష్మి నిలవదు.” అత్త కమలమ్మ రోజూ అనే మాటే ఇది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఆ ఇంట్లో ముందు మగవాళ్లు తినాలి, తర్వాత అత్త, అందరి చేతులూ ఆరాక కోడలు. కన్యక వంతుకు వేడి అన్నం ఏనాడూ ఉండదు. చల్లారిన పప్పు, అడుగంటిన కూర, పిల్లలు కొరికి వదిలిన రొట్టెలు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంటాయి. తినలేక, పారేసే ధైర్యం లేక, పెరట్లో మోతీ ముందు పెట్టేది. ఆ లాబ్రడార్ కుక్క తోక ఊపుకుంటూ అంతా నాకేసేది. ఏళ్లుగా ఇదే బాగోతం.

ఇప్పుడు మోతీ వెనక కాలు కింద మోపలేకపోతోంది.

ఎమ్మిగనూరులో పశువుల డాక్టరమ్మ దాని మోకాలిని మెల్లగా కదిలించి చూసి, లోపల లిగమెంటు తెగిందని చెప్పింది. “చిన్న కుక్కయితే కొన్ని వారాలు కదలనీకుండా ఉంచితే కొంత సర్దుకుంటాది. కీలు బయట గట్టి దారంతో బిగించే ఆపరేషనూ ఉంది గానీ ఇంత బరువుకు అది నిలిచేది కష్టం. దీనికి ఎముక కోసి, దాని వాలు మార్చి, ప్లేటు బిగించాల. హైదరాబాదులో చేస్తారు. అయితే ఒళ్లు తగ్గకపోతే రెండో కాలూ పోతాది. తిండి ఎవరు పెడతారు?”

“రెండు పూటలే మేడమ్, నేనే కొలిచి పెడతా” అన్నాడు భర్త శివశంకర్. “మా ఆమె మాదిరే, ఇల్లు కదలదు. గాలి పీల్చినా ఒళ్లొస్తాది.”

డాక్టరమ్మ నవ్వలేదు. కన్యకకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. భర్త మాటలకు కాదు, అవి అలవాటే. బల్ల మీద పడుకుని మోతీ తనవైపే నమ్మకంగా చూస్తోంది. ఛీ, నోరులేని జీవిని కుంటిదాన్ని చేసింది తనే కదా. పెళ్లయిన కొత్తలో ఆకలికి ఆగలేక ఒకరోజు ముందు తింటే, “మగోళ్లు తినకముందే కడుపు నింపుకునే కోడలు మా వంశంలో లేదు” అంది అత్త. “అమ్మ చెప్పినట్టు విను” అన్నాడు ఈయన, ఫోనులోంచి తలెత్తకుండా. ఆ రోజు వద్దనలేని పిరికితనాన్నంతా తీసుకుపోయి ఈ కుక్క నోట్లో కుక్కింది. ఇప్పుడూ నోరు మూసుకుంటే ఆపరేషన్ చేయించినా దండగే, మోతీ ఇక లేవదు.

“నేను పెట్టినాను మేడమ్” అంది తలదించుకుని. “మా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందంతా నేనే తినాల. తినలేక దీనికి పెడతాంటి.”

శివశంకర్ ముఖం మాడిపోయింది. “ఈడ చెప్పే మాటలా అవి?”

“రేపట్నుంచి పెట్టద్దమ్మా” అంది డాక్టరమ్మ.

కన్యక తలెత్తింది.

“పెట్టను మేడమ్. ఆ మిగిలింది నేనూ తినను.” భర్త వైపు తిరిగింది. “రేపట్నుంచి మీతోపాటే నేనూ మొదట కూర్చుంటా. మిగిలింది ఎవరు తినాలో మీరూ అత్తమ్మా తేల్చుకోండి.”